బుడ్డల పొడికి ఒక స్టిక్కర్

అనంతపురంలో బుడ్డల పొడికి ప్రచారం అక్కర్లేదు. బుడ్డలు (వేరుశనగలు) మాడకుండా వేగి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు సరిగ్గా పడితే కొన్నవాళ్లే నలుగురికి చెబుతారు. మొదట్లో కవర్లో పోసి, అంచును కొవ్వొత్తి మంటకు అతికించి ఇచ్చేదాన్ని. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక కిరాణా ఆయన రుచి చూసి, "బాగుందమ్మా, కానీ నంబరు లేని సరుకు నేను పెట్టుకోలేను" అన్నాడు.

నంబరంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, అంటే ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ దగ్గర చేయించుకునే నమోదు. నెట్ సెంటర్ అబ్బాయి రెండు వేలు అడిగాడు. ఆ నమోదు చేసే ఫోస్కోస్ వెబ్‌సైట్ తెరిచి చూస్తే, నాలాంటి చిన్నవాళ్లకు ఫీజు ఏడాదికి 100 రూపాయలే. రెండు రాత్రులు కూర్చుని నేనే నింపేశా. 14 అంకెల నంబరు వచ్చింది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వమిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఇంకా సులువు, ఆధార్ ఓటీపీతో ఉచితంగా అయిపోయింది.

అసలు తంటా స్టిక్కర్‌తో వచ్చింది. ప్రెస్సు అతను మట్టిరంగులో అందంగా డిజైన్ చేశాడు. శాకాహార గుర్తు కూడా అందులో కలిసిపోవాలని దాన్నీ మట్టిరంగుకు మార్చాడు. నేనూ గమనించలేదు. పైగా మురిసిపోయి వాట్సాప్ స్టేటస్ పెట్టా. వెయ్యి కొట్టించిన రెండో రోజే ఒకావిడ ఫోన్: "ఏమ్మా, పొడిలో ఎండుచేపలేమన్నా కలిపినావా? మేము శనివారం నీసు ముట్టం."

గుండె గుభేలుమంది. ఆకుపచ్చ గీతల చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటేనే శాకాహారం. ఆ మట్టిరంగు చుక్క మాంసాహారానికి పాత గుర్తట, ఇప్పుడు దాని బదులు త్రికోణం వేస్తున్నారు. ఇంకాస్త పరిశీలిస్తే తయారీ తేదీకి, బ్యాచ్ నంబరుకు చోటే లేదు. ధర పక్కన "అన్ని పన్నులతో కలిపి" అన్న మాటా లేదు. ఇవన్నీ ముందే చదువుకోకపోవడం నా తప్పే. ఆ స్టిక్కర్లన్నీ మా పాప నోటు పుస్తకాల అట్టలకు అంటించుకుంది.

రెండోసారి నేనే పక్కన కూర్చుని చేయించా. "వేరుశనగ కారం పొడి అంటే ప్రొఫెషనల్‌గా ఉంటుందక్కా" అన్నాడు ప్రెస్సు అతను. ఒప్పుకోలేదు. పెద్దక్షరాల్లో బుడ్డల పొడి, కింద చిన్నగా వేరుశనగ. నూనె చేతులు తగిలితే సిరా చెరిగిపోతోందని లామినేషన్ కూడా వేయించా.

ఇంకొకటి, క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే మా ఆయన పేరు వచ్చేది. "ఎవరికో పోతున్నాయి డబ్బులు" అని కొత్తవాళ్లు ఆగిపోయేవాళ్లు. ఉద్యం సర్టిఫికెట్ చూపించి షాపు పేరు మీద కరెంట్ అకౌంట్ తెరిచా. ఆర్డర్లకు వేరే సిమ్ తీసుకున్నా. అంతకుముందు ఫోన్ మోగితే మా పాపే ఎత్తి "అమ్మ స్నానానికి పోయింది" అని చెప్పేది.

కిరాణా ఆయన ఇప్పుడు వారానికి ఇరవై ప్యాకెట్లు తీసుకుంటున్నాడు. పక్కింటి అవ్వకు మాత్రం స్టిక్కర్ ప్యాకెట్ ఇస్తే వెనక్కి తోసేసింది. "ఇది అంగడిదమ్మా, నాకొద్దు. మీ ఇంట్లోది పెట్టు."