ఒక కన్నీటి చుక్క

నిన్న రాత్రి ‘ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ అనే పాత టీవీ ధారావాహికలోని ‘బ్రేక్‌డౌన్’ అనే భాగాన్ని చూశాను. ఇంకా మనసు తేరుకోలేదు. 1955లో అమెరికాలో ప్రసారమైన ఈ అరగంట కథకు హిచ్‌కాక్ స్వయంగా దర్శకత్వం వహించారు. ఉద్యోగం పోయిందని ఫోనులో ఏడ్చిన పాత గుమాస్తాను చూసి చిరాకుపడే కఠినుడైన వ్యాపారిగా జోసెఫ్ కాటన్ నటించారు. ఆ వ్యాపారి కారు ప్రమాదంలో చిక్కుకుని, ఒక్క వేలు తప్ప శరీరమంతా చచ్చుబడి, రెప్ప కూడా వేయలేని స్థితిలో పడి ఉంటాడు. వచ్చినవారందరూ అతణ్ణి శవమనే అనుకుంటారు, కొందరైతే నిలువునా దోచుకుపోతారు. చాలాసేపు తెరమీద కదలని ఆ ముఖమే కనిపిస్తుంది, లోపలి గొంతు మాత్రం మనకు వినబడుతూ ప్రాధేయపడుతుంది. కాటన్ కళ్ళు తెరుచుకుని అంత నిశ్చలంగా ఉండటం నన్ను గదిలో ఊపిరి బిగబట్టేలా చేసింది. చివరికి శవాగారంలో, ఆశ పూర్తిగా అడుగంటిన వేళ, అతని కంటి నుండి జారిన కన్నీరే అతడు బతికి ఉన్నాడని వైద్యుడికి చెబుతుంది. ఏ ఏడుపును అతడు అసహ్యించుకున్నాడో అదే అతణ్ణి కాపాడిందని గ్రహించిన క్షణంలో నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ గుమాస్తా ఫోను సన్నివేశాన్ని మళ్ళీ మొదటి నుండి చూశాను.