సేల్స్ డెస్కా, ట్రేడింగ్ డెస్కా?

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో ఉద్యోగం కోరుకునే మన పిల్లల్లో చాలామంది, లెక్కలు బాగా వచ్చు కాబట్టి ట్రేడింగే తమకు తగినదని ముందే తీర్మానించుకుంటారు. ఈ వేసవి సెలవుల్లో విశాఖపట్నం వచ్చినప్పుడు, ఎంవీపీ కాలనీలోని మా అక్క ఇంట్లో మేనల్లుడు కూడా, "సేల్స్ అంటే ఫోనులో మాట్లాడటమే కదా మామయ్యా, దానికి ఇంత చదువెందుకు?" అని అడిగాడు. లండన్‌లో బ్యాంకులుండే కానరీ వార్ఫ్‌లో చాలా ఏళ్లుగా బాండ్ల (అప్పు పత్రాల) సేల్స్‌లో పనిచేస్తున్నవాడిగా, వాడికి చెప్పినదే ఇక్కడ కొంత విడమరచి రాస్తున్నాను.

ఒక పెన్షన్ ఫండ్ 5 కోట్ల పౌండ్ల బ్రిటిష్ ప్రభుత్వ బాండ్లు అమ్మాలనుకుంటే ముందు సేల్స్‌లో ఉన్నవారికి ఫోన్ చేస్తుంది. వారు ట్రేడర్‌ను ధర అడుగుతారు. బేరం కుదిరిందంటే ఆ సరుకు ట్రేడర్ పుస్తకంలోకి, అంటే అతని ఖాతాలోకి, చేరుతుంది. ఆ క్షణం నుంచి ధర పడితే నష్టం ట్రేడర్ లెక్కలోదే. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో సరుకు కొని గోదాములో పెట్టుకునే వ్యాపారికీ, కొనేవారినీ అమ్మేవారినీ ఎరిగిన కమీషన్ వ్యాపారికీ ఉన్న తేడా వంటిదే ఇది. అమెరికాలో 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టంలోని వోల్కర్ నిబంధన, బ్యాంకులు సొంత లాభం కోసం చేసే ట్రేడింగ్‌ను చాలావరకు కట్టడి చేసింది. కాబట్టి పెద్ద బ్యాంకుల్లో ట్రేడర్ పని ప్రధానంగా క్లయింట్లకు ధర చెప్పడమే. ఆ క్లయింట్లను తెచ్చేది సేల్స్.

ఈ రెండు పనుల బరువు నేను దగ్గరగా చూసింది 2016 జూన్ 24 తెల్లవారుజామున. బ్రెగ్జిట్ ఫలితాలు వస్తుండగా, 1.50 డాలర్ల దగ్గర ఉన్న పౌండు కొన్ని గంటల్లోనే 1.32 వైపు జారిపోయింది, ప్రభుత్వ బాండ్ల ధరలు మాత్రం ఎగిశాయి. చేతిలో లేని బాండ్లను ముందే అమ్మి షార్ట్‌లో ఉన్న ఒక ట్రేడర్ నా ఎదురు వరుసలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక్కొక్క లాట్ చొప్పున ఖరీదైన ధరకు తిరిగి కొంటున్నాడు. నా వైపు ఫోన్లు ఆగలేదు. కొనే ధరకీ అమ్మే ధరకీ ఎందుకు అంత దూరం ఉందో, ఇప్పుడు అమ్మడం అవసరమో కాదో, కంగారుపడుతున్న ఫండ్ మేనేజర్లకు నిజం నిజంగా చెప్పవలసి వచ్చింది. అతనిది స్క్రీన్‌తో ఒంటరి పోరాటం, నాది మనుషులకు జవాబుదారీతనం. రెండూ తేలిక కావు.

మనవాళ్లు సేల్స్‌కు వెనకాడటానికి అసలు కారణం, నా అభిప్రాయంలో, లెక్కల మీద ప్రేమ కన్నా మాట మీద భయం. మన ఉచ్చారణ అక్కడివారికి నచ్చదనీ, ఫుట్‌బాల్ కబుర్లు రానివాడు క్లయింట్లను సంపాదించలేడనీ అనుకుంటారు. 2018 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ ఆర్థిక మార్కెట్ల మిఫిడ్-2 నిబంధనలు, బ్యాంకులు క్లయింట్లకు ఇచ్చే రీసెర్చ్‌కు విడిగా వెల కట్టమన్నాయి, క్లయింట్లకు విందువినోదాలపైనా అదుపు పెంచాయి. కాబట్టి ఉదయం 7 గంటల మీటింగ్‌లో విన్నది అర్థం చేసుకొని, ఫలానా బాండు ఎందుకు చవకగా ఉందో రెండు వాక్యాల్లో చెప్పగలవాడికే ఇప్పుడు విలువ. అందులో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు.

ట్రేడింగ్‌లో ఒక సుఖం ఉందని కూడా మేనల్లుడికి చెప్పాను. సింగపూర్‌లో ఒక ట్రేడర్ దాచిన నష్టాలు 82.7 కోట్ల పౌండ్లకు చేరి 1995లో బేరింగ్స్ బ్యాంకు కూలిపోయింది. దాచినవి బయటపడాలంటే ఆ సీటులో మరొకరు కూర్చోవాలి. అందుకే చాలా బ్యాంకుల్లో ట్రేడర్లు ఏటా వరుసగా రెండు వారాలు, సిస్టమ్‌లోకి ప్రవేశం లేకుండా సెలవు తీసుకోవాలి. వారు ఊరికి వచ్చి నిశ్చింతగా ఉంటారు. నేను ఆర్కే బీచ్‌లో నడుస్తున్నా క్లయింట్ ఫోన్ ఎత్తవలసిందే.

ఇంటర్న్‌షిప్‌లో రెండు డెస్కుల్లోనూ కూర్చునే అవకాశం వాడికి ఉంది. సేల్స్‌లో ఉన్న వారాల్లో క్లయింట్ కాల్స్ వినడానికి అనుమతి అడగమనీ, ట్రేడింగ్‌లో ఉన్నప్పుడు నష్టపోయిన రోజు సాయంత్రం ట్రేడర్ పక్కనే ఉండి చూడమనీ, ఆ తరువాతే నాకు ఫోన్ చేయమనీ చెప్పాను.