అనాటమీ అందరికీ కావాలి, రోడ్ స్కాలర్ ఎవరికీ వద్దు

మా అమ్మాయి సైన్స్ ఒలింపియాడ్ టీములో చేరిందనగానే ఇండియా నుంచి మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "కోచింగ్ ఎక్కడ?" అని. అమెరికాలో ఈ పేరుతో జరిగేది ఓఎంఆర్ షీటు నింపే పరీక్ష కాదని ఆవిడకి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇది జట్టు పోటీ. 1980లలో మొదలైంది. మిడిల్ స్కూలు పిల్లలది డివిజన్ బి, హైస్కూలుది డివిజన్ సి. టీముకి 15 మంది, ఈవెంట్లు 23, అన్నీ ఒకే రోజు పొద్దున్నుంచి సాయంత్రంలోపు అయిపోవాలి. కొన్ని రాతపరీక్షలు, కొన్ని ల్యాబులు, కొన్ని ముందే ఇంట్లో తయారుచేసి తెచ్చే టవర్లూ విమానాలూ.

మేముండేది న్యూజెర్సీ. టీమంతటినీ చూసుకునే సైన్స్ టీచరు ఒక్కరే. అందుకని ప్రతి ఈవెంటుకీ ఎవరో ఒక పేరెంట్ సాయం ఉండాలన్నారు. మొదటి మీటింగుకి వచ్చినవాళ్లలో సగం మంది తెలుగువాళ్లం. అందరి మనసులోనూ ఉన్న ఈవెంటు ఒక్కటే: అనాటమీ. అది కాకపోతే రోగాలెలా వ్యాపించాయో కూపీ లాగే డిసీజ్ డిటెక్టివ్స్. డాక్టరు కల పిల్లలది ఎంతో, మాది ఎంతో నాకు తెలీదు.

టీచరు అప్పుడు బోర్డు మీద మార్కుల లెక్క వేశారు. ప్రతి ఈవెంటులో ఎన్నో స్థానం వస్తే అన్ని పాయింట్లు: ఫస్టుకి 1, పదో స్థానానికి 10. మొత్తం 23 కలిపితే ఎవరికి తక్కువొస్తే వాళ్లు గెలిచినట్టు. ర్యాంకు చిన్నదైతేనే గొప్ప అన్న సంగతి ఎంసెట్ రాసినవాళ్లకి ఒకరు చెప్పాలా! కానీ అసలు మెలిక తర్వాత వచ్చింది. అనాటమీలో నాలుగో స్థానం నుంచి ఒకటికి ఎగబాకితే టీముకి మిగిలేది 3 పాయింట్లు. చిన్న విమానాలు ఎగరేసే, ఎవరూ పట్టించుకోని ఫ్లైట్‌లో 28 నుంచి 12కి వస్తే 16 పాయింట్లు. "మీ పిల్లల్లో బాగా తెలివైనవాళ్లని నాకు ఫ్లైట్‌కి ఇవ్వండి" అన్నారావిడ. గదిలో ఎవరం కిక్కురుమనలేదు.

ఇక పంపకం. చాలా ఈవెంట్లకి ఇద్దరేసి, సంకేత భాషలు విప్పే కోడ్‌బస్టర్స్‌కీ, ప్రయోగం రూపొందించి చేసే ఎక్స్‌పెరిమెంటల్ డిజైన్‌కీ ముగ్గురేసి. కలిపితే 48 కుర్చీలు, 15 మంది పిల్లలు. అంటే ఒక్కొక్కరికీ మూడో నాలుగో పడతాయి. పైగా ఒకే టైములో నాలుగైదు ఈవెంట్లు వేరువేరు గదుల్లో నడుస్తాయి కాబట్టి శిలాజాల ఈవెంటు ఫాసిల్స్ వచ్చిన అమ్మాయికి అదే గంటలో ఉన్న వాతావరణం ఈవెంటు మెటియోరాలజీ ఇవ్వడానికి లేదు. ఆఫీసులో రిలీజ్ ప్లానింగ్ చేసే నాకు ఆ ఎక్సెల్ షీటు అప్పజెప్పారు. ఒక గడి మారిస్తే ముగ్గురు పిల్లలు కదిలేవారు, వెనకాలే మూడు ఫోన్లు వచ్చేవి. మా అమ్మాయికి అనాటమీ రాలేదు. టవర్, రైట్ ఇట్ డూ ఇట్, మ్యాపులు చదివే రోడ్ స్కాలర్ వచ్చాయి. మా ఆయన మొహం రెండ్రోజులు మాడిపోయింది.

టవర్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. దాన్ని బాల్సా అనే తేలికైన కలప పుల్లలతో కడతారు. టవర్ మీదనుంచి గొలుసుతో బకెట్టు వేలాడదీసి, అందులో ఇసుక పోస్తూ పోతారు. మోసిన బరువుని టవర్ బరువుతో భాగిస్తే వచ్చేదే స్కోరు. 15 కిలోలు దాటితే లెక్కలోకి రాదు. మంచి టీముల టవర్లు పది గ్రాములు కూడా తూగకుండా ఆ 15 కిలోలూ మోస్తాయి. ఒకే ప్యాకెట్టులో, ఒకే పొడవూ ఒకే మందమూ ఉన్న రెండు పుల్లల బరువులు కూడా ఒకటి కావు. మా డైనింగ్ టేబుల్ మీద మా అమ్మాయీ, తన జోడీ పిల్లాడూ గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు పెట్టుకుని, ఒక్కో పుల్లనీ తూచి, వేలితో కొద్దిగా వంచి చూసి, పెన్సిలుతో బరువు రాసి వేరుచేసేవారు. గట్టివి నిలువు కాళ్లకి, తేలికవి అడ్డ బద్దలకి. జిగురు ఒక చుక్క ఎక్కువైనా బరువే కాబట్టి సూది మొనతో అంటించేవారు.

పెద్దవాళ్లు చెయ్యి పెట్టకూడదన్నది రూలు. కట్టడం మొత్తం పిల్లల పనే. స్కూలు ప్రాజెక్టుకి థర్మాకోల్ బొమ్మలు రాత్రి పన్నెండింటిదాకా మనమే కోసిచ్చిన అలవాటు ఉంది కదా, చేతులు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టమైంది. టవర్ కూలినప్పుడల్లా ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి, మొదట ఎక్కడ పోయిందో చూసేవారు. అతుకులు బాగానే ఉండేవి. రెండు అడ్డ బద్దల మధ్య కాలు విల్లులా వంగి, ఆ తర్వాత పుటుక్కుమనేది. బద్దల మధ్య దూరం సగం చేస్తే కాలు వంగకుండా మోసే బరువు నాలుగింతలవుతుందని ఆయిలర్ సూత్రం చెబుతుంది. విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతూ నేను ఆ సూత్రాన్ని పది మార్కుల ప్రశ్నగా బట్టీపట్టాను. కాలమ్ వంగడం కళ్లారా చూసింది మాత్రం ఇదిగో, నా టేబుల్ మీదే.

రైట్ ఇట్ డూ ఇట్ వినడానికి పిల్లలాటే. స్ట్రాలు, ఐస్‌క్రీం పుల్లలు, లెగో ముక్కలు, దూది ఉండలతో చేసిన ఒక వింత వస్తువుని ఒకరికి చూపిస్తారు. 25 నిమిషాల్లో దాన్ని మాటల్లోనే వర్ణించి రాయాలి, బొమ్మ గీయకూడదు. ఆ కాగితం పట్టుకుని ఇంకో గదిలో ఉన్న జోడీ 20 నిమిషాల్లో అదే వస్తువు కట్టాలి. ప్రాక్టీసుకి వస్తువు తయారుచేసే పని నాది. మొదట్లో మా అమ్మాయి "ఎర్ర స్ట్రా ఎడమ వైపు పెట్టు" అని రాస్తే, జోడీ పిల్లాడు పాపం ఎవరి ఎడమో తెలీక బుర్ర గోక్కునేవాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు: ముందు అడుగు భాగం, తర్వాత గడియారం ముల్లు తిరిగే దిశలో ఒక్కో ముక్క, ప్రతి ముక్కకీ రంగు, పొడవు, దేన్ని తాకుతోందో రాయాలి. ఐదో తరగతి నుంచీ ఎస్సేలు రాయిస్తున్నా రాని స్పష్టత దానితో వచ్చింది. నన్నడిగితే 23లోనూ నాకు నచ్చింది ఇదే.

జనవరిలో, స్టేట్ పోటీకి టీములని ఎంచే రీజినల్స్. తెల్లవారుజామున చలిలో బస్సు. టవర్ గదిలో అందరికీ సేఫ్టీ గాగుల్స్. మేం తాడు అవతల నిలబడాలి, పెదవి విప్పకూడదు, బయటినుంచి మాట అందిస్తే టీముకే దెబ్బ. మా అమ్మాయి ఇసుక పోస్తుంటే జోడీ పిల్లాడు బకెట్టు ఊగకుండా కర్రతో ఆపుతున్నాడు. 12 కిలోల దగ్గర ఒక కాలు కనపడేలా వంగింది. వాడు చెయ్యెత్తి ఆగమన్నాడు, ఊగు తగ్గేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. మళ్లీ సన్నటి ధారగా పోశారు. 14 దాటాక కూలింది. పుల్లలు ఎగిరి గోడకి తగిలాయి. ఇద్దరూ గంతులేశారు.

సాయంత్రం బహుమతుల వేళ మావాళ్లు స్టేజీ ఎక్కింది తక్కువసార్లే. పక్క వరుస స్కూలు మాకన్నా చాలా ఎక్కువ పతకాలు మెళ్లో వేసుకుంది. కానీ ఒక ఈవెంటుకి వాళ్ల పిల్లలు వెళ్లనే లేదు. వెళ్లకపోతే ఆఖరి స్థానం కన్నా ఇంకో పాయింటు ఎక్కువ పడుతుంది. మొత్తాలు చదివినప్పుడు వాళ్లు మా వెనకున్నారు, మేం స్టేట్‌కి వెళ్లే ఆఖరి స్థానాల్లో ఇరుక్కున్నాం. ఇంటికొచ్చాక షీటు తీసి చూశాను. అనాటమీ 3, రోడ్ స్కాలర్ 7, ఫ్లైట్ 11. ఇరవై దాటిన అంకె ఒక్కటీ లేదు.

మార్చిలో స్టేట్ పోటీలో మధ్యలో ఎక్కడో తేలాం. నేషనల్స్ ఊసు మాకు లేదు. దానికి దేశం మొత్తమ్మీద ఒక్కో డివిజన్‌లో 60 టీములే వెళ్తాయి.

కొత్త రూల్స్ సెప్టెంబరులో వస్తాయి. షీటు మళ్లీ నాకే ఇచ్చారు. మొన్న గుడిలో ఒకావిడ పక్కకి పిలిచి, "ఏవండీ, మావాడు ఈ ఏడు ఆరో క్లాసు. కాస్త అనాటమీలో వేయించండి, మీ చేతిలో పనే కదా" అంది. టోపోగ్రాఫిక్ మ్యాపులు చదవడం ఇష్టమేమో కనుక్కోమన్నాను. రోడ్ స్కాలర్‌లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.