కోపెనిక్ అడవి దారిలో ఒక శనివారం

బెర్లిన్‌లో మూడు రోజులున్నాను.   గోడ ముక్కలు, మ్యూజియంలు అన్నీ చూశాను, వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను చెప్పాలనుకుంటున్నది 2024 మే 18, శనివారం సాయంత్రం గురించే.

ఆ రోజు యూనియన్ బెర్లిన్ అనే ఫుట్‌బాల్ క్లబ్‌కి సీజన్‌లో ఆఖరి మ్యాచ్, ఫ్రైబుర్గ్ మీద. టికెట్లు దాదాపు సభ్యులకే అయిపోతాయి. స్టుట్‌గార్ట్‌లో నాతో పనిచేసే అతని తమ్ముడు సభ్యుడు. ఆ వారం ఊళ్లో ఉండడని తన టికెట్ నాకిచ్చాడు. మా ఆఫీసులో ఈ క్లబ్ పేరెత్తితే ముఖాలు మాడిపోతాయి. 2019లో స్టుట్‌గార్ట్ జట్టును కిందికి నెట్టి మొదటిసారి జర్మనీ పై డివిజన్ లీగ్ బుండెస్‌లీగాలోకి వచ్చింది వీళ్లే మరి.

ఓస్ట్‌క్రాయిట్స్ స్టేషన్‌లో ఎస్3 లోకల్ రైలు ఎక్కాను. పెట్టె నిండా ఎర్ర కండువాలే. కోపెనిక్‌లో దిగి జనం వెంట నడిస్తే దారి చెట్ల మధ్యలోకి వెళ్లింది. స్టేడియం పేరుకి అర్థమే పాత అటవీ అధికారి ఇల్లు. శనివారం నేను మాంసం తినను కాబట్టి సాసేజ్‌ల పొగ దాటుకుని ఒక ప్రెట్జెల్ కొనుక్కున్నాను.

లోపల మూడు వైపులా నిలబడే చూడాలి. 22,012 మంది పట్టే చోట కుర్చీలు నాలుగు వేలు కూడా లేవు. నా పక్కన డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన ఉన్నాడు. నా అరకొర జర్మన్ విని, నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. కాసేపటికి బూటుతో మెట్టును రెండుసార్లు తట్టి, "ఇది నేను పోసింది" అన్నాడు. ముందు అర్థం కాలేదు. 2008లో పాత మెట్లు శిథిలమైపోతే కట్టించడానికి క్లబ్ దగ్గర డబ్బు లేదట. రెండు వేల మందికి పైగా అభిమానులు వచ్చి, లక్షా నలభై వేల గంటలు కూలి తీసుకోకుండా పనిచేశారు. అంతకు ముందు 2004లో క్లబ్‌కి లీగ్‌లో ఆడే లైసెన్స్ పోయేలా ఉంటే రక్తదానం చేసి, దానికిచ్చే డబ్బు క్లబ్‌కిచ్చారు.

మన భాషలో దానికి శ్రమదానం అనే చక్కటి మాట ఉంది. మా ఊరి బడికి రెండో గది అలాగే లేచింది. నాన్న పగలు మేస్త్రీ పనికి వెళ్లి, సాయంత్రం అక్కడ గోడ కట్టేవారు. నన్ను బడికి దింపినప్పుడల్లా కిటికీ కింది వరస మీద చెయ్యి వేసి చూపించేవారు. పెద్దాయన మెట్టును తట్టిన తీరు చూస్తే ఆ చెయ్యే గుర్తొచ్చింది.

ఆటగాళ్ల పేర్లు చదవడం మొదలైంది. ఒక్కో పేరు వినగానే స్టేడియమంతా "ఫుస్‌బాల్‌గోట్!" అని అరిచింది. ఫుట్‌బాల్ దేవుడు అని. ఒక్క స్టార్‌కే అనుకున్నాను. కాదు, ప్రతి పేరుకీ అదే. అదీ ఎలాంటి సీజన్‌లో! ముందు ఏడాది నాలుగో స్థానంలో నిలిచి యూరప్ మేటి క్లబ్‌లు ఆడే ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లిన జట్టు ఇది. అక్కడ రియల్ మాడ్రిడ్ మీద 94వ నిమిషంలో గోల్ ఇచ్చి ఓడింది. పోర్చుగల్ జట్టు బ్రాగా మీద రెండు గోల్స్ ముందుండి, మళ్లీ ఆఖరి నిమిషాల్లోనే ఓడింది. వరసగా 12 ఓటములు. ఐదేళ్లకు పైగా జట్టును నడిపిన కోచ్ ఉర్స్ ఫిషర్ నవంబరులో వెళ్లిపోయాడు. ఎంతో ఆర్భాటంగా వచ్చిన ఇటలీ డిఫెండర్ బొనుచీ జనవరిలో వెళ్లాడు. గోల్స్ కొట్టే బెకర్, బెహ్రెన్స్ కూడా అదే నెలలో వెళ్లారు. ఫిషర్ తర్వాత వచ్చిన బ్యెలిట్సాను మేలో తీసేశారు. ఆ రోజుకి జట్టు 16వ స్థానంలో ఉంది. గెలిస్తేనే నేరుగా గట్టెక్కే వీలుంది, లేదంటే కింది డివిజన్ జట్టుతో ప్లేఆఫ్ ఆడాలి, ఓడితే నేరుగా కిందికి పడే ప్రమాదమూ ఉంది. అలాంటి ఆటగాళ్లను దేవుడని పిలిచారు. ఉప్పల్‌లో క్యాచ్ వదిలేసిన కుర్రాణ్ని నేను ఎన్నేసి మాటలన్నానో తలుచుకుంటే సిగ్గేసింది.

రెండో సగంలో యూనియన్ ఆటగాడు హోలెర్‌బాక్ గోల్ కొట్టాడు. ఆట చివరికి వస్తుండగా ఫ్రైబుర్గ్ సమం చేసింది. నా చుట్టూ ఒక్కరు కూడా కదల్లేదు. తిట్లు లేవు, ఈలలు లేవు. ఆట అయ్యేదాకా వెళ్లకూడదన్నది ఇక్కడి పద్ధతని పెద్దాయన చెప్పాడు. పాట ఇంకా గట్టిగా అందుకున్నారు. ఆట చివర కలిపే అదనపు నిమిషాల్లో యూనియన్‌కి పెనాల్టీ వచ్చింది. టెన్షన్‌తో నా చేతులు చల్లబడిపోయాయి. వోలాండ్ కొట్టాడు, లోపలికి వెళ్లలేదు. తిరిగొచ్చిన బంతిని హాబరర్ నెట్‌లోకి తోసేశాడు. 2-1. అవతల, కిందికి పడకుండా పోరాడుతున్న మరో జట్టు బోకుమ్ బ్రెమెన్‌లో ఓడిపోవడంతో యూనియన్ 15వ స్థానంలో బతికి బయటపడింది. పన్నెండేళ్లకు పైగా ఫ్రైబుర్గ్ కోచ్‌గా ఉన్న ష్ట్రైక్‌కి అదే ఆఖరి మ్యాచ్. ఆయనకిలా జరిగినందుకు కాస్త బాధేసింది.

పెద్దాయన ఎగరలేదు. నా భుజం పట్టుకుని, అలాగే మెట్టు మీద నిలబడి ఏడ్చాడు.

మళ్లీ అడవి దారి పట్టేసరికి ఇండియాలో రాత్రి తొమ్మిది దాటింది. నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మ్యాచ్ సంగతి ఊఁ కొడుతూ విన్నారు. మెట్ల సంగతి రాగానే, "పాళ్లు ఎంత కలిపారట? పదహారేళ్లకి పగుళ్లేమైనా ఉన్నాయా?" అని అడిగారు. పాళ్లు ఎంతో నేను అడగలేదు. పగుళ్లు మాత్రం నాకు కనిపించలేదని చెప్పాను.