లైసెన్సు రాకముందే హ్యాములతో మాట్లాడాలంటే: గ్రూప్ చాట్‌తో నా తొలి అడుగులు

హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, నేర్చుకునేవారికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ విద్య అనుభవజ్ఞులైన హ్యాములతో, అంటే ఈ అభిరుచి ఉన్నవారితో, మాట్లాడితేనే ఒంటబడుతుంది. కానీ పరీక్ష పాసై, లైసెన్సుతో పాటు కాల్‌సైన్ (రేడియోలో మనల్ని గుర్తించే అక్షరాలు, అంకెల పేరు) వచ్చే దాకా రేడియోలో వినడమే తప్ప ఒక్క మాటైనా ప్రసారం చేయకూడదు. హైదరాబాదు వాళ్లం ఈ విషయంలో కొంత అదృష్టవంతులమే. 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన సోమాజిగూడలోనే ఉంది, బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం పేరుతో ఒక హ్యామ్ క్లబ్ కూడా ఉంది. అయినా సందేహాలు క్లబ్ వేళలు చూసుకుని రావు కదా. రాత్రి పది గంటలకు, షార్ట్‌వేవ్ రిసీవర్ ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడే అవి పుట్టుకొస్తాయి. తార్నాకలోని మా ఫ్లాట్‌లో లైసెన్సు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో నాకు ఆ లోటు తీర్చింది గ్రూప్ చాట్. కాల్‌సైన్ లేనివారు కూడా హ్యాములతో నిస్సంకోచంగా మాట్లాడగలిగిన చోటు కాబట్టే, కొత్తగా ఈ వైపు వచ్చేవారందరికీ దానితో మొదలుపెట్టమని చెబుతుంటాను.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు మనందరికీ అలవాటైనవే. ఊళ్లో రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) పనిచేస్తోందా, పరీక్ష ఎప్పుడు, పాత సెట్టు ఎవరైనా అమ్ముతున్నారా వంటి స్థానిక సంగతులకు వాటిని మించినవి లేవు. అయితే వాటిలో చాలా గ్రూపుల్లో చేరాలంటే ఎవరో ఒకరు మనల్ని చేర్చాలి, లేదా లింకు పంపాలి. ఎవరి పరిచయమూ లేనివారికి ఐఆర్‌సీ అనే పాత పద్ధతి ఇప్పటికీ తలుపు తెరిచే ఉంచింది. 1988లో ఫిన్లాండులోని ఔలూ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ చాట్ విధానంలో అక్షరాలు తప్ప మరేమీ ఉండవు కనుక, పాత కంప్యూటర్ మీదా నెమ్మది ఇంటర్నెట్ మీదా కూడా హాయిగా నడుస్తుంది. 2021లో ఏర్పడిన లిబెరా చాట్ అనే నెట్‌వర్క్‌లో హ్యామ్‌రేడియో పేరుతోనే ఒక ఛానెల్ ఉంది. బ్రౌజర్‌లో ఆ నెట్‌వర్క్ వెబ్ చాట్ తెరిచి, ఒక మారుపేరు పెట్టుకుని, స్లాష్ జాయిన్ అని, దాని పక్కన హ్యాష్ గుర్తుతో ఛానెల్ పేరు కొడితే లోపలికి వెళ్లినట్టే. విడిగా ప్రోగ్రామ్ పెట్టుకునేవారు పోర్టు దగ్గర 6697 అని ఇస్తే సర్వరుతో మన సంభాషణ గుప్తంగా సాగుతుంది. అంతకు మించిన సాంకేతిక శ్రమ ఏమీ లేదు.

మారుపేరు విషయంలో మాత్రం కొంచెం ఆలోచించాలి. చాలామంది హ్యాములు కాల్‌సైన్‌నే పేరుగా పెట్టుకుంటారు, అందులో ఒక గౌరవమూ ఉంది. అయితే కాల్‌సైన్ ఇచ్చి హ్యాముల వివరాలుండే కాల్‌బుక్ సైట్లలో వెతికితే, మనం అక్కడ నమోదు చేసుకుని ఉన్నట్లయితే ఇంటి చిరునామా దాకా బయటపడవచ్చు. రేడియోలో కాల్‌సైన్ చెప్పడం నిబంధన. చాట్‌లో అటువంటి నిబంధన లేదు. ఇంట్లో పిల్లలు ఈ అభిరుచి మొదలుపెడుతుంటే వారికి మామూలు మారుపేరే మేలని నా అభిప్రాయం.

నా మొదటి ప్రశ్న ఎలా అడగకూడదో చెప్పడానికి పనికొస్తుంది. ఒక ఆదివారం ఉదయం 11 గంటలకు చేరి, “నా రిసీవర్‌లో ఏమీ వినబడటం లేదు, ఎవరైనా సాయం చేయండి” అని రాసి, పావుగంట చూసి, ఎవరూ పలకలేదని నొచ్చుకుని మూసేశాను. ఆ వేళకు అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి దాటింది, ఇంగ్లాండులో ఇంకా తెల్లవారుతోందన్న స్పృహ నాకు లేదు. మరునాడు వెళితే, “నిన్న నీకు జవాబు రాశాం, అప్పటికే నువ్వు వెళ్లిపోయావు” అన్నారు. వాట్సాప్‌లో లాగా మనం లేనప్పుడు వచ్చిన సందేశాలు ఐఆర్‌సీలో మామూలుగా మనకోసం దాచి ఉండవు. అందుకే ప్రశ్న అడిగి, కిటికీ తెరిచి ఉంచి, మన పని మనం చూసుకుంటూ గంటో రెండు గంటలో ఓపిక పట్టాలి. లేదా మన తరఫున ఎప్పుడూ కనెక్షన్‌లో ఉండే బౌన్సర్ అనే ఏర్పాటు చేసుకోవాలి. నేను రాత్రి 10 గంటల వేళకు మారాను. హ్యాములు వాడే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో అది 16:30. ఇంగ్లాండులో సాయంత్రం, అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం కనుక ఛానెల్‌లో మాట్లాడేవారు ఎక్కువగా ఉంటారు.

రెండోసారి నేను నోరు తెరవడానికి ముందు నాలుగు రోజులు ఊరికే చదివాను. హ్యాములకు ఇది కొత్త సంగతి కాదు, ఏ ఫ్రీక్వెన్సీలోనైనా పిలిచే ముందు వినాలన్నదే వారి మొదటి పాఠం. ఆ చదవడం వల్ల అక్కడివారికి ఎలాంటి ప్రశ్న నచ్చుతుందో అర్థమైంది. ఈసారి ఇలా రాశాను: “40 మీటర్ల బ్యాండులో సాయంత్రం 6 తర్వాత ఎస్9 స్థాయిలో గరగర శబ్దం. డాబా మీద నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడకు కట్టిన 20 మీటర్ల తీగ యాంటెనా. అపార్టుమెంటు, మూడో అంతస్తు.” (40 మీటర్లు అన్నది ఒక షార్ట్‌వేవ్ బ్యాండు తరంగదైర్ఘ్యం; ఎస్ అన్నది రిసీవర్ మీటరు మీద సిగ్నల్ బలం కొలత, ఎస్9 అంటే చాలా బలం.) ఐదు నిమిషాల్లో ఇంగ్లాండు నుంచి ఒకాయన, “రిసీవర్‌ను బ్యాటరీ మీద నడిపి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూశారా?” అని అడిగారు.

ఆపి చూశాను. ఇల్లంతా చీకటి, రిసీవర్ మీటరు ముల్లు ఎస్9 నుంచి ఎస్4కు జారింది. ఒక్కో ఎస్ యూనిట్‌కు 6 డెసిబెల్స్ లెక్కన అది 30 డెసిబెల్స్ తేడా. ఆ గరగర కింద అప్పటిదాకా పూడుకుపోయి ఉన్న రెండు స్వరాలు, ఎవరో తమిళంలో నెమ్మదిగా మాట్లాడుకుంటున్నవి, స్పష్టంగా వినబడ్డాయి. తర్వాత ఆయన చెప్పినట్టే ఎంసీబీలను ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, ప్రతిసారీ ముల్లు చూసి చాట్‌లో రాస్తూ పోయాను. హాలు, ఏమీ లేదు. పడకగది, ఏమీ లేదు. వంటగది ఎంసీబీ వేయగానే ముల్లు ఎగిరి ఎస్9 మీద కూర్చుంది. దోషి ఫ్రిజ్ అనుకున్నాను, కాదు. మంచినీళ్ల ఆర్ఓ ఫిల్టర్ వెనుక, రోజంతా ప్లగ్గులోనే ఉండే చిన్న నల్ల అడాప్టరు. దానిలోని విద్యుత్తు సెకనుకు వేలసార్లు ఆగి సాగుతుంటుంది, ఆ స్విచింగ్ తాలూకు హార్మోనిక్స్ (దాని రెట్టింపు, మూడింతలు ఇలా పెరిగే ఫ్రీక్వెన్సీలు) షార్ట్‌వేవ్ దాకా పాకుతాయి, ఇంటి వైరింగే వాటికి యాంటెనా అవుతుందని ఆయన ఓపికగా వివరించారు. కోఠీ గుజరాతీ గల్లీ నుంచి ఇలాంటి గరగరను అడ్డుకునే ఒక ఫెరైట్ రింగ్ తెచ్చి, అడాప్టరు తీగను దానికి ఎనిమిది చుట్లు చుడితే శబ్దం చాలావరకు తగ్గింది. మా ఆవిడ ఆ గంటసేపు కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. పుస్తకంలో ఇది నాకు దొరికేది కాదు, ఎందుకంటే ఏ పేజీలో వెతకాలో అప్పటికి నాకు తెలియదు.

లైసెన్సు వచ్చాక చాట్ వాడకం మారింది. ఇప్పుడు ఎక్కువగా, ఏ బ్యాండు తెరుచుకుంది, ఫలానా సమయానికి ఫలానా చోట వింటారా అని కుదుర్చుకోవడానికి తెలుగు హ్యాముల గ్రూపులో రాస్తుంటాను. సమయం కుదుర్చుకోవడం వరకు తప్పు లేదు. ఆ హద్దు దాటితే ఏమవుతుందో నాకు తెలియజెప్పింది విశాఖపట్నంలోని ఒక పెద్దాయన. ఒక సాయంత్రం 40 మీటర్లలో ఆయన కోసం పిలుస్తున్నాను, ఏదో లీలగా వినబడింది. ఆత్రం కొద్దీ చాట్‌లో, “విన్నాను సార్, మీకు 59, నాకెంత?” అని రాసి, కాంటాక్టులు నమోదు చేసుకునే లాగ్‌బుక్‌లో ఎక్కించేశాను. (ఈ రిపోర్టులో మొదటి అంకె మాట స్పష్టత, 5 దాకా; రెండోది సిగ్నల్ బలం, 9 దాకా.) ఆయన జవాబు ఇది: “బాబూ, నా కాల్‌సైన్ రేడియోలో విన్నావా, తెర మీద చదివావా?”

చదివానని ఒప్పుకున్నాను. ఇద్దరి కాల్‌సైన్లూ, ఇద్దరి రిపోర్టులూ రేడియో తరంగం మీదే అందితే తప్ప అది కాంటాక్టు కాదని, రేపు ఉదయం మళ్లీ ప్రయత్నిద్దామని ఆయన రాశారు. లాగ్‌బుక్‌లో ఆ వరుస కొట్టేశాను. మరునాడు ఉదయం 7:20కి, చాట్ మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పిలిస్తే, మూడోసారి ఆయన గొంతు తేలుతూ మునుగుతూ వచ్చింది. నా కాల్‌సైన్ పూర్తిగా పలికి, రిపోర్టు 43 అన్నారు. కొట్టివేసిన 59 కింది వరుసలో దానిని రాసుకున్నాను.