ఆముదం పీకిన శనివారం

పొద్దున ఏడింటికి లేపితే మావాడు దుప్పటి ముసుగేసుకున్నాడు. గంటలు కావలసింది వాడికి, టెన్షన్ నాకు. హైస్కూల్లో వాలంటీర్ గంటలు ఇంకా పన్నెండు తక్కువ. గుడిలో వడ్డన స్లాట్లు ఎప్పుడో నిండిపోయాయి. దొరికింది ఇదొక్కటే: లాస్ పెన్యాస్కిటోస్ కాన్యన్‌లో కలుపు తీయడం. మైనర్లకు పెద్దవాళ్ళ తోడుండాలన్నారు. అలా నేనూ ఇరుక్కున్నాను.

శాన్ డియేగోలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. ఈ లోయ మా మిరా మెసా ఇళ్ళ వెనకే ఉంటుంది. ఇటు ఐ-15 ఫ్రీవే నుంచి అటు సొరెంటో వ్యాలీ దాకా, దాదాపు నాలుగు వేల ఎకరాలు. సిటీ, కౌంటీ కలిసి కాపాడుతున్నాయి. అడుగున పారే వాగు టోరీ పైన్స్ దగ్గర ఉప్పునీటి మడుగులో కలిసి, అక్కడినుంచి సముద్రంలోకి పోతుంది. రోజూ ఆఫీసుకు పోయేది దీని అంచునే అయినా, లోపలికి దిగింది రెండే సార్లు. రెండుసార్లూ ఇండియా నుంచి చుట్టాలొస్తే జలపాతం చూపిద్దామని. మూడు మైళ్ళు నడిపించాక రాళ్ళ మధ్య జారుతున్న నీళ్ళను చూసి మా బావగారు "ఇదేనా?" అన్నారు.

ఏప్రిల్ కదా, సముద్రం మీది మంచు ఇంకా లోయలోనే ఉంది. పదిహేనుమందిమి. చేతికి గ్లవ్స్, గోనెసంచుల్లాంటి పెద్ద సంచులు ఇచ్చారు. మమ్మల్ని నడిపించే పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటుంది, ముందుగా పాయిజన్ ఓక్ చూపించింది. ఒక్కో రెమ్మకు మూడేసి ఆకులు, తాకితే ఒళ్ళంతా దద్దుర్లు. నాకు చప్పున మారేడు దళం గుర్తొచ్చింది. మావాడితో "మారేడులా ఉంటే ముట్టుకోకు" అన్నాను. వాడికి మారేడంటే తెలియదు. చివరికి వాడే నాకు మళ్ళీ చెప్పాడు, మూడాకులుంటే ముట్టుకోవద్దని.

ముందు ఆవాలు. నిజంగా ఆవాలే, నల్ల ఆవాల మొక్కలు. బాట పొడుగునా పసుప్పచ్చగా, నా తల దాటి పెరిగి ఉన్నాయి. స్పెయిన్ వాళ్ళు వచ్చిన కాలంలో ఇక్కడికి చేరాయట. వానాకాలపు తడికి లేచి, మిగతావాటికి వెలుతురు లేకుండా చేసి, ఎండాకాలానికి ఎండి, నిప్పు రవ్వ కోసం ఎదురుచూస్తుంటాయి. కాయ ముదరకముందే పీకాలి. మొదలు దగ్గర పట్టుకుని అటూ ఇటూ కదిపితే తెల్లటి వేరు మట్టితో సహా వస్తుంది. తుంచిన చోట ఆవపిండి వాసన. ఒక ఆకు నలిపి మావాడి ముక్కు దగ్గర పెట్టాను. "ఆవకాయ!" అన్నాడు. ఇయర్‌ఫోన్స్ తీసింది అప్పుడే.

రెండో విడతకి వాగు వైపు దిగాం. అక్కడ కనిపించింది ఆముదం చెట్టు. ఎర్రటి కాండం, చేతివేళ్ళలా విచ్చుకున్న ఆకులు, ముళ్ళ ముళ్ళ కాయల గెలలు. ఆవిడ దాన్ని చూపించి చాలా సీరియస్‌గా, ఇది విషం, గింజ నోట్లో పెట్టొద్దు అంటోంది. నాకు నవ్వొచ్చింది. మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెలకల్లో ఆముదం పంట మధ్య పెరిగినదాన్ని. మా అమ్మమ్మ గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరగబెట్టి పైన తేలిన వంటాముదాన్ని గరిటెతో తీసేది. నెలకోసారి అది మా గొంతులో పోసేవాళ్ళు. అయితే గింజ విషమన్నది నిజమే, నూనె వేరు.

చెట్టు నరికే ముందు కాయలు కోసి సంచిలో వేయాలి. ఎండిన కాయ పగిలితే గింజ దూరంగా చిటిలి పడుతుంది. ఆ పని నాకిచ్చారు. అరచేతిలో ఒక గింజ పెట్టుకుని చూశాను: నున్నగా, గోధుమ రంగు మచ్చలతో, రక్తం తాగిన పిడుదులా ఉంది. శాస్త్రీయ నామం రిసినస్‌కు లాటిన్‌లో అర్థం పిడుదేనట. మా ఊళ్ళో గేదెల చెవుల్లోంచి వాటిని ఏరినవాళ్ళెవరైనా సరిగ్గా ఈ పేరే పెట్టేవాళ్ళు.

"ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం" అని మావాడికి చెప్పాను. ఇక్కడ పెద్ద పెద్ద ఓక్ చెట్లుండగానే వాటి కింద మహావృక్షమై కూర్చుంది. బయటినుంచి వచ్చి పాతుకుపోయినవి అనగానే రావలసిన ఆలోచన ఒకటి వచ్చింది. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళకు ఇలాంటి పోలికలు ఊరికే తడుతుంటాయి. దాన్నీ సంచిలో వేసేశాను.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద బూడిద రంగు పొదలున్నాయి. దారికడ్డంగా ఉన్న కొమ్మను చేత్తో తోశాను. దవనం! పూలమాలలో పెట్టే దవనం వాసనే. ఇది కాలిఫోర్నియా సేజ్‌బ్రష్, దవనానికి వరసకు చుట్టమేనని తర్వాత వెతికితే తెలిసింది. ఇది మాత్రం ఇక్కడి సొంత మొక్క. ఇలాంటి పొదల్లోనే నాట్‌క్యాచర్ అనే బుల్లి పిట్ట గూడు కడుతుంది. 1993 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. పిల్లికూనలా మ్యావ్‌మంటుందని ఆవిడ చెబితే అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఫ్రీవే హోరు వినిపించింది. మావాడు మాత్రం విన్నానంటాడు.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"ఆముదం చెట్లు పీకినమమ్మా."

"పండే చెట్టును ఎవరన్న పీకుతరా బిడ్డా?"

అంతా చెప్పాను. మోకాళ్ళు పట్టేశాయని కూడా.

"మరి రెండాకులు తెచ్చుకోకపోయినవా? వెచ్చజేసి కట్టుకుంటే పోయేది గద."

లోయలోంచి ఆకు కూడా తేకూడదని చెప్పలేదు. బూట్ల అడుగున గింజలుంటాయని బ్రష్‌తో రుద్ది మరీ కారెక్కించారని అసలే చెప్పలేదు.

మావాడి లెక్కలో ఇంకా తొమ్మిది గంటలు. వచ్చే నెల మళ్ళీ వెళదామా అంటే, చూద్దాంలే అన్నాడు. వాడి భాషలో అది సరేనన్నట్టే.

రాత్రి పదిన్నరైంది. ఎడమ మణికట్టు దగ్గర, గ్లవ్ అంచు ఆగిన చోట, చిన్న దురద. సబ్బుతో రెండుసార్లు కడిగాను. దోమే కావచ్చు. మారేడు దళమైతే రేపో ఎల్లుండో తెలుస్తుంది.