సగం గడ్డం పునీతుడు

మొన్న మే 26. కాజీపేట ఫాతిమానగర్‌లో చర్చిలో పొద్దుటి పూజకు వెళ్లాం. ఏడింటికే మాడు పగిలే ఎండ. పూజ మధ్యలో మా బిడ్డ ఎందుకో కిసుక్కున నవ్వింది. నేను కసిరాను. ఇంటికొచ్చాక అడిగింది: "బాపూ, గుడిలో నవ్వితే పాపమా?"

ఏం చెప్తాం? ఆ రోజు పండుగే ఫిలిప్ నేరి అనే పునీతుడిది (సెయింట్‌ది)! 1515లో ఫ్లారెన్స్‌లో పుట్టి, రోమ్‌లో చర్చి ఫాదర్‌గా బతికిన మనిషి. జనం తనను మరీ పునీతుడని మొక్కడం మొదలుపెడితే, ఆ గొప్ప వదిలించుకోవడానికి గడ్డం ఒక పక్కనే గీసుకుని నలుగురిలో తిరిగాడట. కుర్రాళ్లను వెంటేసుకుని రోమ్‌లోని ఏడు గుళ్లకు నడిచిపోయేవాడు. దారంతా పాటలు, మధ్యలో ఎక్కడో కూర్చుని సద్ది విప్పడం.

"మేడారం పోయినట్టా?" అంది.

అచ్చం అట్లా కాదు గానీ, నడక, పాట, తిండి మూడూ ఉన్నాయి కదా, అవునన్నాను. 1595లో ఇదే తేదీన చనిపోయాడనీ, 1622లో పునీతుడిగా ప్రకటించారనీ కూడా చెప్పాను. అవేవీ తలకెక్కలేదు. గడ్డం దగ్గరే ఆగిపోయింది.

సాయంత్రం అవ్వ సర్వపిండి కాలుస్తోంది. నేను అద్దం ముందు రేజర్ పట్టుకున్నాను. తలుపు పక్కన బిడ్డ.

"బాపూ, సగమే గీయవా?"

గీశాను. అప్పుడే గుర్తొచ్చింది, పాల ప్యాకెట్ తేవాలని.